మైకేల్ మయర్స్‌కి ఫ్లాష్‌బ్యాక్ ఎందుకు పెట్టొద్దు: 13 హాలోవీన్ సినిమాల్లో ఏది పైన, ఏది కింద

హాలోవీన్ అనే అమెరికా హారర్ సినిమాల సిరీస్ చూద్దామని కూసున్నోళ్ళకి తలనొప్పి పేర్లతోనే మొదలైతది. 1978లో వచ్చిన సినిమా పేరు హాలోవీన్, 2007లో వచ్చిందాని పేరూ హాలోవీనే, 2018లో వచ్చిందాని పేరూ హాలోవీనే, పైగా హాలోవీన్ 2 అని 1981లో ఒకటుంది, 2009లో ఇంకోటుంది. హన్మకొండ హాస్టళ్ళల్ల పెన్‌డ్రైవ్ చేతులు మారేటప్పుడు 2007దే మొదటిది అనుకొని చూసి, "ఇందులో ఏముందిరా బై, గింత బిల్డప్ ఎందుకు" అని పక్కన పడేసినోళ్ళు మస్తు మంది ఉంటరు. వాళ్ళ తప్పేం లేదు, సిరీసే అట్ల ఉంది.

మొత్తం 13 సినిమాలు, 1978 నుంచి 2022 దాక, అయితే అందులో నడిచేది ఒక్క కథ కాదు. 1978ది, 1981ది, ఆ తర్వాత 4, 5, 6 నంబర్లు కలిపితే ఒక లైన్. 4, 5, 6 జరగనే లేదనుకొని 1981 తర్వాత సీదా 1998లో వచ్చిన హెచ్ ట్వెంటీకి పోయి, 2002లో వచ్చిన రిసరెక్షన్‌తోని ముగిస్తే రెండో లైన్. రాబ్ జాంబీ 2007, 2009లల్ల కథ మొత్తం మొదటి నుంచి మళ్ళా తీసిండు, అది మూడోది. 1978ది ఒక్కటే నిజం మిగతాయన్నీ గాయబ్ అని డేవిడ్ గోర్డన్ గ్రీన్ 2018, 2021, 2022లల్ల తీసిన మూడు సినిమాలు నాలుగోది. ఇగ 1982లో వచ్చిన మూడో భాగం సీజన్ ఆఫ్ ద విచ్‌కి వీటిల్ల దేనితోనీ సంబంధం లేదు, మిగతా అన్నిట్ల మాస్క్ పెట్టుకొని జనాన్ని చంపే మైకేల్ మయర్స్ అందులో అసలు లేనే లేడు.

ర్యాంకింగ్ ముందే చెప్పేస్తే గొడవ పెట్టుకునేటోళ్ళకి ఈజీగ ఉంటది. అన్నిటికన్నా పైన 1978, దాని తర్వాత 2018, మూడో ప్లేస్‌ల సీజన్ ఆఫ్ ద విచ్, నాలుగుల 1988లో వచ్చిన నాలుగో భాగం, ఐదుల హెచ్ ట్వెంటీ, ఆరుల 1981 నాటి రెండో భాగం, ఏడుల 2022 నాటి ఎండ్స్, ఎనిమిదిల జాంబీ తీసిన 2009ది, తొమ్మిదిల 2021 నాటి కిల్స్, పదిల జాంబీ 2007ది, ఆ కింద వరుసగా ఐదో భాగం, ఆరో భాగం, అన్నిటికన్నా అడుగున రిసరెక్షన్. ఇట్ల పెట్టడానికి వాడిన కొలత ఒక్కటే. మైకేల్ ఎందుకు చంపుతడు అన్నదానికి సినిమా ఎంత కారణం చెప్తే అంత కిందికి పోయింది.

ఈ కొలత మన దిక్కు జనానికి వెంటనే మింగుడు పడదు, దానికి కారణం గూడ ఉంది. మన దగ్గర దయ్యం సినిమా అంటే ఒక పద్ధతుంటది. ఫస్టాఫ్ అంతా తలుపులు కొట్టుకుంటయి, లైట్లు ఆరుతయి, ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ పడ్తది, ఆ ఆత్మకి జరిగిన అన్యాయం తెలుస్తది, అప్పటిదాక భయపడ్డ జనం కాస్తా దయ్యం పార్టీలకి మారిపోతరు, క్లైమాక్స్‌ల పగ తీరుతది. పరకాల దిక్కో ములుగు దిక్కో ఊర్లల్ల చెప్పుకునే కథలు గూడ అంతే, చింతచెట్టు మీద ఉన్నామె ఎవరింటి కోడలు, ఎందుకు బావిల దుంకింది అన్నది తెలిస్తేనే అది కథ. అందులో ఒక న్యాయం కోరుకోవడం ఉంది, బతికున్నప్పుడు దక్కనిది చచ్చినంకనన్నా దక్కాలె అన్న ఆశ ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడొద్దు. కాకపోతే ఆ అలవాటుతోని హాలోవీన్ చూస్తే, అయిపోయినంక నోట్లకెళ్ళి వచ్చే ఫస్ట్ మాట "ఇంతకీ వాడు ఎందుకు చంపిండు" అనే. 1978 సినిమా దానికి జవాబు ఇయ్యదు. ఇయ్యకపోవడమే దాని బలం, తర్వాత వచ్చినోళ్ళు ఆ జవాబు ఇద్దామని పోయిన ప్రతిసారీ బోర్లా పడ్డరు.

1978 సినిమాని జాన్ కార్పెంటర్, డెబ్రా హిల్ కలిసి రాసిన్రు, కార్పెంటర్ డైరెక్ట్ చేసిండు, బడ్జెట్ సుమారు 3 లక్షల 25 వేల డాలర్లు, షూటింగ్ దాదాపు 20 రోజులు. కథ జరిగేది ఇల్లినాయ్‌ల హాడన్‌ఫీల్డ్ అనే ఊర్లె, అది కల్పించిన ఊరు, రోజు అక్టోబర్ 31, చెట్లు ఆకులు రాల్చే టైం. కానీ షూటింగ్ చేసింది కాలిఫోర్నియాల, అదీ వసంతంల. ఎండుటాకులు ఎక్కడివి మరి, ఆకులకి రంగేసి రోడ్డు మీద చల్లుడు, షాట్ అయినంక మళ్ళా ఏరి సంచుల్ల నింపుకొని ఇంకో రోడ్డుకి పోయి చల్లుడు. జాగ్రత్తగ చూస్తే కొన్ని షాట్లల్ల వెనకాల పామ్ చెట్లు గూడ కనబడ్తయి. అయినా సినిమా చూస్తున్నంత సేపు ఆ వీధుల్ల చలిగాలి తగుల్తనే ఉంటది.

ఆ మాస్క్ సంగతి చాలామందికి తెలుసు, అయినా చెప్పుకోవాలె. ఆర్ట్ పని చూసుకున్న టామీ లీ వాలస్ రెండు డాలర్ల లోపు పెట్టి ఒక రబ్బర్ మాస్క్ కొన్నడు, అది స్టార్ ట్రెక్ అనే టీవీ సిరీస్‌ల కెప్టెన్ కర్క్ వేషం కట్టిన విలియం షాట్నర్ మొహం. కండ్ల రంధ్రాలు పెద్దగ కోసి, తెల్ల రంగు కొట్టి, జుట్టు చెదరగొట్టేసరికి అది ఎవని మొహమూ కాకుండ పోయింది. మనోళ్ళు కొత్తగ కట్టే ఇంటికి వేలాడదీసే దిష్టిబొమ్మకి గుడ్లు బయటికి ఉంటయి, కోరలుంటయి, నాలుక ఉంటది, చూడంగనే భయపెట్టాలని చేసిందని తెలుస్తది. ఈ మాస్క్ మీద అసొంటిదేం లేదు, కోపం లేదు, నవ్వు లేదు, అందుకే దాన్ని చూస్తుంటే ఏం అనుకోవాల్నో సమజ్ కాదు. పైగా ఆ రోజు హాలోవీన్ పండగ, పిల్లలు పెద్దలు వేషాలేసుకొని ఇంటింటికి తిరిగే రోజు కాబట్టి మాస్క్ పెట్టుకున్నోడు వీధిల నిలబడ్డా ఎవరూ అనుమానించరు. ఈ చిన్న లాజిక్ మీద సగం సినిమా నడుస్తది.

ఇంకో సంగతి, ఇది పగటి భయం. సగం సినిమా దాక వాడు కనబడేది ఎండలనే. స్కూల్ విడిచినంక ముగ్గురు ఆడపిల్లలు మాట్లాడుకుంట ఇంటికి పోతుంటరు, ఒక స్టేషన్ వ్యాగన్ కారు పక్కకెళ్ళి మెల్లగ పోతది, కొంచెం దూరంల పొదల పక్కన ఒకడు నిలబడి ఉంటడు, పోయి చూస్తే ఉండడు. ఆ ముగ్గుర్ల ఒకామె, హీరోయిన్ లారీ (జేమీ లీ కర్టిస్), తన కిటికీలకెళ్ళి చూస్తే పెరట్ల ఆరేసిన బట్టల నడుమ నిలబడి ఉంటడు, మళ్ళా చూస్తే ఉండడు. నక్కలగుట్టలనో సుబేదారిలనో మధ్యాహ్నం మూడింటికి కాలనీ రోడ్లు ఎంత ఖాళీగ ఉంటయో తెలిసినోళ్ళకి ఈ సీన్లు వేరే లెవెల్‌ల పనిచేస్తయి. అర్ధరాత్రి పన్నెండు, ఉరుములు, కుక్క ఏడుపు ఇవేం అక్కర్లేదు.

దగ్గర్నుంచి చూడాల్సిన సీన్లు రెండున్నయి. ఒకటి వంటింట్ల బాబ్ అనే పిల్లగాణ్ణి చంపేది. మైకేల్ వాణ్ణి ఒంటి చేత్తో పైకెత్తి కత్తితోని తలుపుకి గుచ్చేస్తడు, కాళ్ళు గాలిల వేలాడ్తుంటయి. వేరే సినిమాలైతే అక్కడ కట్ చేస్తరు. ఇక్కడ కెమెరా కదలదు, వాడు వెనక్కి అడుగేసి నిలబడి తలని కొంచెం ఇటు వంచుతడు, కొంచెం అటు వంచుతడు, చూస్తనే ఉంటడు. పగ తీర్చుకున్నోడు అట్ల చూడడు, పిచ్చోడు గూడ అట్ల చూడడు. ఆ తల వంచుడుకి ఏ అర్థం చెప్పినా అతకదు. ఆ వేషంల ఉన్నది నిక్ కాసిల్, రోజుకి 25 డాలర్లకి చేసిండు, నడక, నిలబడుడు, తల వంచుడు, ఇంతే ఆయన నటన.

రెండోది లారీ తన దోస్తుల శవాలు చూసి ఏడ్చుకుంట ఒక చీకటి గది గుమ్మం పక్కన గోడకి ఆనుకొని నిలబడే సీన్. ఆమె వెనక ఉన్నది నల్లటి చీకటి, అంతే. చూస్తుండంగ ఆ చీకట్ల ఒక తెల్లని మొహం మెల్లమెల్లగ తేలుతది, కదలదు, ముందుకి రాదు, అక్కడ ముందునుంచే ఉన్నట్టు కండ్లకి ఆనుతది. కెమెరామన్ డీన్ కండీ ఒక చిన్న లైటుని డిమ్మర్‌తోని మెల్లగ పెంచుకుంట పోయిండు, చేసిన ట్రిక్ ఇంతే. పెద్ద సౌండ్ పెట్టి దడిపించుడు కాదు, మన కండ్లే దాన్ని కనిపెట్టేదాక ఆగుడు.

మ్యూజిక్ గూడ కార్పెంటర్‌దే. ఆ పియానో ట్యూన్ అయిదు అక్షరాల నడక, కార్పెంటర్ నాయన చిన్నప్పుడు బొంగో మీద నేర్పిన తాళం అది. ఖండ నడక చెవిల పడ్డోళ్ళకి తెలుస్తది, నాలుగు దెబ్బలకి అలవాటు పడ్డ కాలు అక్కడ తడబడ్తది, ఒక దెబ్బ ఎప్పుడూ మిగిలిపోయినట్టుంటది. మ్యూజిక్ లేకుండ సినిమాని ఒక స్టూడియో ఆమెకి చూపిస్తే ఆమెకి కొంచెం గూడ భయం కాలేదట, తర్వాతనే ఈ మ్యూజిక్ ఎక్కించిండని కార్పెంటరే చెప్పిండు.

ఇగ అసలు సంగతి, కారణం. 6 ఏండ్ల పిల్లగాడు మైకేల్ 1963ల అక్కని పొడిచి చంపుతడు, 15 ఏండ్ల తర్వాత ఆస్పత్రి నుంచి తప్పించుకొని ఊరికి వస్తడు. డోనాల్డ్ ప్లెజెన్స్ చేసిన డాక్టర్ లూమిస్‌ని ఎందుకని అడిగితే ఏ రోగం పేరూ చెప్పడు. 8 ఏండ్లు వాణ్ణి అర్థం చేసుకోవాలని చూసిన, ఇంకో 7 ఏండ్లు వాణ్ణి బయటికి రానియ్యకుండ చూసిన అంటడు. డాక్టరే చేతులెత్తేసిండు. లారీనే ఎందుకు వెంటపడ్డడు అంటే దానికి గూడ కారణం లేదు. వాళ్ళ నాయన ఇండ్లు అమ్మే పని చేస్తడు, ఆ పాడుబడ్డ మయర్స్ ఇంటి గుమ్మం కాడ తాళంచెవి పెట్టి రమ్మంటే పొద్దుగాల స్కూల్‌కి పోతూ పెట్టొచ్చింది, లోపల ఉన్నోడు చూసిండు. ఇంతే. ఆ పొద్దు ఇంకో పిల్ల ఆ గుమ్మం ఎక్కి ఉంటే ఆ రాత్రి ఇంకో పిల్ల ఇంటికి పోయేటోడు. చూసేటోనికి ఇదే అసలు దెబ్బ, ఎవరికన్నా కావొచ్చు అన్నది.

ఆ దెబ్బని 1981ల వచ్చిన రెండో భాగం పోగొట్టింది. అదే రాత్రి, ఆస్పత్రిల కథ, డైరెక్టర్ రిక్ రోజెంథాల్, రాసింది మళ్ళా కార్పెంటర్, హిల్. ఖాళీ ఆస్పత్రి వరండాలల్ల మైకేల్ నడక మస్తుంటది, పొడుగు కారిడార్, దూరంగ ఒక ట్యూబ్‌లైట్, వాడు పరుగెత్తడు కానీ దగ్గరికొస్తనే ఉంటడు. సినిమా మధ్యల తెలిసేది ఏందంటే లారీ మైకేల్‌కి సొంత చెల్లె, చిన్నప్పుడు వేరేటోళ్ళు పెంచుకున్నరు. మనోళ్ళకి రక్తసంబంధం ట్విస్ట్ అంటే మస్తు ఇష్టం కాబట్టి ఫస్ట్ టైం చూసినప్పుడు అబ్బా అనిపిస్తది. కాసేపు ఆలోచిస్తే తెలుస్తది ఏం పోయిందో. ఎవరికన్నా కావొచ్చు అన్న భయం కాస్తా వాళ్ళ ఇంటి గొడవ అయిపోయింది, చూసేటోడు సేఫ్, నేను వాని చెల్లెను కాదు కదా అని నిమ్మళంగ కూసుంటడు. మొదటి సినిమాని టీవీల వేసేటందుకు నిడివి సరిపోక కార్పెంటర్ అదే టైంల కొన్ని కొత్త సీన్లు తీసి అందులో కలిపిండు, వాటిల్ల ఒకదాంట్ల ఆస్పత్రి గది తలుపు మీద చెల్లె అని గీకి రాసి ఉంటది. అంటే కొత్త కారణాన్ని పాత సినిమాలకి గూడ ఎక్కించిన్రు. ఆ తర్వాత 37 ఏండ్లు సిరీస్ మొత్తం ఆ చెల్లె కథ మోసుకుంటనే తిరిగింది. ఆ ఆస్పత్రి వరండాల కోసమే దీనికి ఆరో ప్లేస్, అవి లేకుంటే ఇంకా కిందికి పోయేది.

రెండో భాగం చివర మైకేల్‌ని, లూమిస్‌ని ఇద్దర్నీ మంటల్ల కాల్చేసి కథ అయిపోయింది అనుకున్నరు. ప్రతి అక్టోబర్‌కి ఒక కొత్త కథ తీద్దామన్న ఆలోచనతోని 1982ల సీజన్ ఆఫ్ ద విచ్ వచ్చింది, డైరెక్టర్ మాస్క్ కొన్న ఆ టామీ లీ వాలసే. థియేటర్‌కి పోయినోళ్ళు మైకేల్ ఏడి అని తిట్టుకుంట బయటికొచ్చిన్రు, చాలా ఏండ్లు దీన్ని సిరీస్‌ల చెత్త సినిమా అనే అన్నరు. అది అన్యాయం. కాక్రన్ అనే ముసలాయన ఫ్యాక్టరీ పెట్టి పిల్లలకి మాస్కులు అమ్ముతడు, హాలోవీన్ రాత్రి తొమ్మిదింటికి టీవీల ఒక యాడ్ వస్తది, మాస్క్ పెట్టుకొని టీవీ ముందల కూసోండి అని. ఆ యాడ్ పాట లండన్ బ్రిడ్జ్ బాణీల ఉంటది, సినిమా అంతా మోగుతనే ఉంటది, అయిపోయినంక గూడ చెవుల్లకెళ్ళి పోదు. ఫ్యాక్టరీల ఒక కుటుంబాన్ని గదిల కూసోబెట్టి ఆ యాడ్ వేస్తరు, పిల్లగాడు గుమ్మడికాయ మాస్క్ వేసుకొని తెర దగ్గరికి పోతడు, రెండు చేతులతోని తల పట్టుకుంటడు, కింద పడ్తడు, మాస్క్‌లకెళ్ళి పురుగులు, పాములు వస్తయి. ఆ సీన్ ఇప్పటికీ చూడలేం. చిన్న పిల్లల్ని ముట్టుకోవద్దన్న రూల్‌ని ఇంత దారుణంగ దాటిన కమర్షియల్ సినిమాలు తక్కువ. చివర హీరో టామ్ అట్కిన్స్ ఫోన్ పట్టుకొని టీవీ వాళ్ళని యాడ్ ఆపమని మొత్తుకుంటుంటే, ఒక చానల్‌ల ఆగుతది, రెండోదాంట్ల ఆగుతది, మూడోదాంట్ల... సినిమా అక్కడ ఆగిపోతది. రోబోలు, ఇంగ్లండ్‌ల ఉన్న పాతకాలపు స్టోన్‌హెంజ్ రాయి ఇవన్నీ కొంచెం అతిగ ఉంటయి, నిజమే. అయినా మూడో ప్లేస్‌కి దీనికి హక్కుంది.

అనుకున్నంత డబ్బులు రాకపోయేసరికి ప్రొడ్యూసర్ ముస్తఫా అక్కాద్ 1988ల మైకేల్‌ని మళ్ళా పట్టుకొచ్చిండు. ఈ అక్కాద్ సిరియాల పుట్టినాయన, ద మెసేజ్, లయన్ ఆఫ్ ద డెసర్ట్ అసొంటి పెద్ద సినిమాలు డైరెక్ట్ చేసినాయన, 2005ల అమ్మాన్ హోటళ్ళ మీద జరిగిన బాంబు దాడిల ఆయన, ఆయన బిడ్డ ఇద్దరూ చనిపోయిన్రు. ఇన్నేండ్లు ఈ సిరీస్ బతికిందంటే అందులో ఎక్కువ పుణ్యం ఆయనదే, అది ఒప్పుకోవాలె.

నాలుగో భాగంల లారీ చనిపోయినట్టు చెప్పి ఆమె బిడ్డ జేమీని పెట్టిన్రు, ఆ పాప డానియల్ హ్యారిస్, ఆమె లేకుంటే సినిమా లేదు. మైకేల్ ఒక కరెంటు పనివాణ్ణి ట్రాన్స్‌ఫార్మర్ల మీదికి విసిరేస్తే ఊరంతా చీకటి అయితది, పోలీస్ స్టేషన్ ఖతం, ఊర్లె తాగినోళ్ళు తుపాకులు పట్టుకొని బయల్దేరి చీకట్ల సంబంధం లేనోణ్ణి కాల్చి చంపుతరు. మైకేల్ ఇక్కడ గూడ రక్తసంబంధం కోసమే వచ్చిండు కాబట్టి కారణం ఉన్నట్టే, కానీ ముగింపు దాన్ని తన్నేస్తది. అంతా అయిపోయింది అనుకున్నంక మేడ మీద పెంపుడు తల్లి కేక, లూమిస్ పైకి చూస్తడు, జోకర్ డ్రెస్‌ల నెత్తురు కత్తెర పట్టుకొని జేమీ నిలబడి ఉంటది, మొదటి సినిమాల 6 ఏండ్ల మైకేల్ నిలబడ్డట్టే. ఎందుకు? చెప్పరు. అందుకే నాలుగో ప్లేస్.

మరుసటి ఏడు వచ్చిన ఐదో భాగం ఆ ముగింపుని పాడు చేసింది. ఆ పెంపుడు తల్లి చావలేదట, పాపకి మైకేల్‌తోని మనసుల లింక్ ఉందట. నల్ల కోటేసుకొని ఒకడు బస్ దిగి తిరుగుతుంటడు, వాడెవడో తెలియాలంటే 1995 దాక ఆగాలె. 1995ల వచ్చిన ఆరో భాగం చెప్పిన జవాబు ఏందంటే, థార్న్ అనే పాత శాపం, దాన్ని నడిపే ఒక రహస్య గుంపు, వాళ్ళు మైకేల్ చేత చంపిస్తున్నరు. పదిహేడేండ్లు ఎవరికీ అందని భయానికి ముహూర్తం, గుర్తు, పూజారి అన్నీ దొరికినయి, భయం పోయింది. డోనాల్డ్ ప్లెజెన్స్ సినిమా రిలీజ్‌కి ముందే చనిపోయిండు, తర్వాత సీన్లు మార్చి మళ్ళా తీసిన్రు, అందుకే ముగింపు తల తోక లేకుండ ఉంటది. మార్చక ముందున్న వెర్షన్ చాలా ఏండ్లు దొంగ కాపీలల్ల తిరిగి 2014ల అఫీషియల్‌గ వచ్చింది, చూస్తే అదే చూడాలె, కనీసం కథ సమజ్ అయితది.

1998 నాటి హెచ్ ట్వెంటీల జేమీ లీ కర్టిస్ మళ్ళా వచ్చింది. లారీ పేరు మార్చుకొని కాలిఫోర్నియాల ఒక బోర్డింగ్ స్కూల్ హెడ్ మిస్ట్రెస్‌గ ఉంటది, మందుకి అలవాటు పడ్డది, కొడుకుని గడప దాటనియ్యది. గంటన్నర లోపు సినిమా, చుట్టు తిప్పుడు లేదు. గేటు తెరిచి కొడుకుని, కొడుకు దోస్తుని పంపించేసి తను మాత్రం లోపలికే మళ్ళి, గొడ్డలి తీసుకొని "మైకేల్" అని పిలిచే షాట్‌కి రోమాలు నిక్కబొడుస్తయి. చెల్లె కథని ఎవరన్నా సరిగ్గ వాడుకున్నరంటే ఇదొక్కటే, ఎందుకంటే ఇక్కడ కారణం మైకేల్ గురించి కాదు, ఇరవై ఏండ్లు భయంతోని బతికితే మనిషి ఎట్లయితడు అన్నదాని గురించి. చివర తల నరికేస్తది. దాన్ని గూడ రిసరెక్షన్ వదలలేదు, నరికింది మైకేల్‌ని కాదట, మాస్క్ తొడిగిన అంబులెన్స్ మనిషినట, లారీని పది పదిహేను నిమిషాలల్ల చంపేసి మిగతా అంతా ఇంటర్నెట్ రియాలిటీ షో. దీని మీద ఇంకో వాక్యం దండగ.

రాబ్ జాంబీ 2007ల చేసింది సూటిగ ఈ కొలతకి అడ్డం తిరిగే పని. సగం సినిమా మైకేల్ బాల్యమే, తాగుబోతు మారు తండ్రి, స్కూల్‌ల ఏడిపించేటోళ్ళు, క్లబ్‌ల డాన్స్ చేసే తల్లి. మన సినిమాల ఫ్లాష్‌బ్యాక్ లెక్కనే ఉంటది, కాకపోతే ఇంటర్వెల్‌కి ముందే వస్తది. నిజాయితీగ తీసిండు, పిల్లగాడు డేగ్ ఫేర్చ్ బాగ చేసిండు, అయినా ఇన్ని కారణాలు విన్నంక ఆ ఆరున్నర అడుగులు దాటిన మనిషి మాస్క్ పెట్టుకుంటే పాపం అనిపిస్తది తప్ప భయం కాదు. 2009దాన్ని మస్తు మంది తిడ్తరు, తెల్ల గుర్రం కలలు నిజంగనే అర్థం కావు, కానీ దెబ్బ తిన్న మనుషులు తర్వాత ఎట్ల బతుకుతరు అన్నది అందులో ఉంది. లారీ దోస్తు యానీ చచ్చిపోయినంక ఆమె తండ్రి షెరీఫ్ బ్రాకెట్ బాత్రూం గుమ్మంల బిడ్డని చూసే సీన్‌ల, ఆమె చిన్నప్పటి వీడియో ముక్కలు పడ్తయి. చచ్చినోళ్ళని లెక్క పెట్టుకుంట పోయే సిరీస్‌ల ఒక తండ్రి దుఃఖం దగ్గర అంతసేపు ఆగిన సినిమా అది, అందుకే పదిల ఉండాల్సింది ఎనిమిదికి వచ్చింది.

2018 సినిమా చేసిన మొదటి మంచి పని, ఒక పిల్ల నోటితోని, వాళ్ళిద్దరు అన్నాచెల్లెండ్లు అన్నది జనం పుట్టించిన మాట అని చెప్పించుడు. 37 ఏండ్ల బరువు ఒక్క లైన్‌ల దిగిపోయింది. బడ్జెట్ కోటి డాలర్లు, ప్రపంచవ్యాప్తంగ వచ్చింది 25 కోట్ల పైన, మ్యూజిక్‌కి కార్పెంటర్ కొడుకుతోని కలిసి మళ్ళా వచ్చిండు. పండగ రాత్రి మైకేల్ పిల్లల గుంపు నడుమకెళ్ళి ఒక ఇంట్లకి పోయి సుత్తెతోని ఒకామెని చంపుతడు, కత్తి తీసుకుంటడు, బయటికొచ్చి ఇంకో ఇంట్లకి పోతడు, మధ్యల ఒక ఇంట్ల ఊయలల పసిపిల్ల ఏడుస్తుంటది, చూస్తడు, ముట్టుకోకుండ పోతడు. కెమెరా ఎక్కువగ వాని వెంటనే నడుస్తది. ఆ ఇల్లే ఎందుకు, ఆ పిల్లని ఎందుకు వదిలిండు, ఏమో. 1978 తర్వాత వాడు మళ్ళా వాడయింది ఇక్కడనే. కొత్త డాక్టర్ ట్విస్ట్ ఒక్కటి లేకుంటే ఇంకా బాగుండేది.

కిల్స్ దగ్గర ఉత్తర తెలంగాణ మనిషి కొంచెం ఆగాలె. ఆస్పత్రిల జనం గుంపుగ మోపయి, అందరూ ఒకటే నినాదం అరుచుకుంట, మైకేల్ అనుకొని వేరే రోగిని తరుముతరు, ఆయన భయపడి కిటికీలకెళ్ళి దుంకి చచ్చిపోతడు. చేతబడి చేసిండని, బాణామతి చేసిందని అనుమానం మీద మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన దిక్కు పేపర్లల్ల చదివినోళ్ళకి ఈ సీన్ అమెరికా సీన్ లెక్క కనబడదు. ఊరు భయపడితే ముందు బలయ్యేది ఒంటరోడు, అడిగేటోడు లేనోడు, సరిగ్గ జవాబు చెప్పలేనోడు. ఇంత పెద్ద సంగతి చేతిల పెట్టుకొని సినిమా ఆ నినాదాన్నే పదిసార్లు అరిపించి వదిలేసింది, నాలుగో భాగంల ఇదే సంగతి రెండు నిమిషాలల్ల చీకట్ల జరిగిపోయి ఇంకా గట్టిగ తగుల్తది. అందుకే కిల్స్ తొమ్మిది.

ఎండ్స్‌ని ఏడుల పెట్టుడు చాలామంది ఒప్పుకోరు. మైకేల్ తెర మీద ఉండేదే తక్కువ, కథంతా కోరీ అనే పిల్లగాని చుట్టు తిరుగుతది, చూసుకోమని అప్పజెప్పిన ఒక బాబు ప్రమాదంల చచ్చిపోతే ఊరు ఊరంతా వాణ్ణి హంతకుడు అంటది, కొన్నేండ్లకి వాడు నిజంగనే హంతకుడు అయితడు. కారణం చెప్పిండ్రు కదా మరి అంటే, చెప్పింది కోరీకి. మైకేల్‌కి కాదు. మామూలు మనిషి చెడిపోవడానికి కారణాలుంటయి, అవి చెప్పాల్సిందే, మైకేల్ పక్కన వాణ్ణి నిలబెడితే తేడా ఇంకా బాగ కనబడ్తది. చివర ఊరంతా కార్ల వరుస కట్టి మైకేల్ శవాన్ని ఇనుప సామాన్ల యార్డుకి తీస్కపోయి మెషీన్ల వేసి తుక్కు చేస్తరు, కిల్స్‌ల తప్పు మనిషిని తరిమిన ఊరే ఇక్కడ మాట లేకుండ నిలబడి చూస్తది. కిల్స్ చూసినంక ఇది చూస్తే ఆ మౌనం బరువు తెలుస్తది.

కొత్తగ చూసేటోళ్ళు 1978ది చూసి వెంటనే 1981 పెట్టొద్దు, ఆ చెల్లె మాట చెవిల పడితే మొదటిది మళ్ళా అట్ల చూడలేరు. 1978, 2018, అటెన్క సీజన్ ఆఫ్ ద విచ్, ఈ మూడు ఒక వారంల అయిపోతయి. నచ్చితే నాలుగో భాగం చూసి జేమీ కత్తెర పట్టుకున్న కాడ ఆపేయాలె, ఐదుకి పోవద్దు. హెచ్ ట్వెంటీకి 1981 చూసుండుడు అవసరం కాబట్టి ఆ రెండూ ఒకే రాత్రి పెట్టుకుంటే సరిపోతది, తల తెగినంక టీవీ బంద్ చేయాలె. ఎండ్స్ చూడాలనుకుంటే కిల్స్ దాటి పోలేరు, అది తప్పదు. జాంబీ రెండు సినిమాలు వేరేగ, ఎప్పుడన్నా ఓపికున్నప్పుడు. 1978ని మాత్రం ఫోన్ స్పీకర్ల మీద చూడొద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలె, ఆ మాస్క్ వెనక ఊపిరి సౌండే సగం సినిమా.